ట్యూబులైటు కింద ఊడ్పు పాట

మా టేప్‌రికార్డరు పాజ్ బటన్ మీద రెండు నిలువు గీతలుండేవి. నా బొటనవేలి కింద పడి అవి అరిగిపోయాయి. 1995 శ్రావణం నుంచి సంక్రాంతి దాకా, మొగల్తూరులో మా తాతయ్యగారింటి వీధరుగు మీద నేను చేసిన పనంతా ఆ బటన్‌తోనే. నొక్కడం, వదలడం, కాస్త వెనక్కి తిప్పడం, మళ్ళీ వినడం, ఒక స్వరం రాయడం, కొట్టేయడం. నిమిషం పాట కాగితం మీదికి రావాలంటే ఒక పూట పట్టేది. ఎదురింటాయన వారం రోజులు ఓపిక పట్టి, ఓ సాయంత్రం పెన్సిలు పట్టుకుని వచ్చాడు. "క్యాసెట్టు ఇరుక్కున్నట్టుందమ్మా, దీంతో తిప్పి చూడు" అన్నాడు. విన్న ముక్కే విని విని ఆయనకి పిచ్చెక్కిందని తర్వాత వాళ్ళావిడ చెప్పింది.

మొగల్తూరు అంటే బయటివాళ్ళకి కృష్ణంరాజు, చిరంజీవి. నేను రాసినవి ఆ పాటలు కావు. మా ఊరి చేలల్లో, సార్వా ఊడ్పుల్లో ఆడవాళ్ళు పాడుకునేవి. ఒక విశ్వవిద్యాలయంలో జానపద గేయాల మీద పరిశోధన చేస్తున్న ఒకాయన అంతకుముందు రెండేళ్ళుగా మా చుట్టుపక్కల తిరిగి పాటల మాటలన్నీ రాసుకున్నారు. "మాటలు దొరికాయి. మట్లు రాసే మనిషి కావాలి" అని నర్సాపురంలో మా సంగీతం మేష్టారిని అడిగితే, ఆయన నన్ను చూపించారు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. వీణ వాయించడం, స్వరం రాయడం వచ్చు. పాటకి ఇరవై రూపాయలు ఇస్తామన్నారు. పాటంటే నాలుగు నిమిషాలే కదా అని ఒప్పేసుకున్నాను.

ఆ మాటలూ మట్లూ అన్న తేడా కొత్తదేం కాదు. రాజమండ్రి దగ్గర నేదునూరి గంగాధరంగారు ఊరూరా తిరిగి పాటలు పోగేశారు. 1956లో బిరుదురాజు రామరాజుగారు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో డాక్టరేటు తీసుకున్నారు. అలా పాటలు పుస్తకాల్లోకి వచ్చాయి. వరుసలు మాత్రం ఎక్కువగా నోళ్ళలోనే ఉండిపోయాయి. కాకినాడ అమ్మాయిలు వింజమూరి సీత, అనసూయ వాటిని సభలకీ రేడియోకీ తెచ్చారు. అనసూయగారు స్వరాలతో సహా అచ్చు వేయించారు. కానీ అది పాడబోయేవాళ్ళ కోసం తీర్చిన రూపం. మా పరిశోధకుడిగారికి కావలసింది వేరే. చేలో ఎలా పాడారో అలాగే కావాలి. ఈ రెంటికీ ఎంత దూరముందో అప్పటికి నాకు తెలీదు.

నిజానికి స్వరం రాని వాళ్ళకీ ఒక లిపి ఉంది. మా అమ్మమ్మ మంగళహారతుల పుస్తకంలో ప్రతి పాట నెత్తిన "వరుస" అని రాసి, ఇంకో పాట మొదటి మాట ఉంటుంది. ఆ పాట తెలిస్తే ఇది వచ్చేసినట్టే. ఒక్క ముక్కతో పని అయిపోతుంది, కామాలూ చుక్కలూ అక్కర్లేదు. చిక్కల్లా ఒకటే. ఆ పుస్తకంలో ఒక హారతి వరుస కోసం చూస్తే ఇంకో హారతి పేరుంది. దాని దగ్గరికెళితే మూడోది. మూడోదాని వరుస అమ్మమ్మకి గుర్తులేదు. "మా అత్తగారు పాడేవారే" అంది. అక్కడితో తాడు తెగింది.

రికార్డింగు రాత్రిపూట మా అరుగు మీద పెట్టుకున్నాం. పగలు చేలో గాలి మైకులో హోరుమంటుందని పరిశోధకుడిగారి భయం. ఊడ్పు ముఠాలోంచి ఎనిమిదిమంది వచ్చారు. అరుగెక్కి కూచోమంటే ఎవరూ ఎక్కలేదు. వాకిట్లో చాప మీద కూచున్నారు. మైకు మాత్రం అరుగు అంచున స్టూలెక్కింది. ముందుపాట ఎత్తుకునే ఆవిడ అరవై దాటిన మనిషి. అందరూ మామ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ కూతురు వంతలో ఉండేది. ఫ్యాను ఆపేశాం. తాతయ్యకి ఏడున్నరకి భోజనం, ఎనిమిదికల్లా వసారాలో పట్టెమంచం. రేడియో కట్టేసి, వీధి తలుపు దగ్గరికి వేసి, ట్యూబులైటు ఒక్కటే ఉంచాం. మూడు రాత్రుళ్ళలో పదకొండు క్యాసెట్లు నిండాయి. ఎంత శుభ్రంగా వచ్చాయో! దగ్గూ లేదు, కుక్కా లేదు. మామ్మ శ్రుతి నుంచి వెంట్రుకవాసి కదల్లేదు. తంబూరా లేకుండా అంత నిలకడ ఎలా వచ్చిందని నేను ఆశ్చర్యపోయాను, మెచ్చుకుంటూ ఓ పేజీ రాశాను కూడా. ఆ పేజీ సంగతి చివర్లో చెబుతాను.

రాయడం మొదలెట్టాక తొలి తగాదా గాంధారంతో వచ్చింది. వరుస మొత్తం అయిదారు స్వరాల్లో తిరుగుతుంది. స, రి, ప బాగానే దొరికాయి. గాంధారం దగ్గరికొచ్చేసరికి అది సాధారణమూ కాదు, అంతరమూ కాదు. టేపు పక్కన హార్మోనియం పెట్టి రెండు మెట్లూ నొక్కి చూశాను. మామ్మ గొంతు ఆ రెండు మెట్ల నడుమ సందులో కూచుంది. ఒకసారి పైకి, ఒకసారి కిందికి అయితే జారిందనుకోవచ్చు. నలభైసార్లు విన్నా అక్కడే. ఏదో ఒకటి రాసెయ్యాలి కదా, నాకు తెలిసిన రాగాల్లో వెతికాను. దిగేటప్పుడు ఆనందభైరవిలా ఉంది, ఎక్కేటప్పుడు లేదు. చివరికి సాధారణ గాంధారం వేసి, నర్సాపురం బస్సెక్కి మేష్టారికి చూపించాను.

ఆయన క్యాసెట్టు విన్నారు. కాగితం చూశారు. "పాట బాగుంది. కాగితం కూడా బాగుంది. రెండూ ఒకటి కావు" అన్నారు.

"గాంధారం తప్పు పాడుతోందండీ" అన్నాను.

"హార్మోనియంలో లేకపోతే గొంతులో ఉండకూడదా ఏంటమ్మా? ఆ పెట్టెనే రేడియోవాళ్ళు 1940 నుంచి ముప్పై ఏళ్ళు గుమ్మం తొక్కనివ్వలేదు. మన గమకం దానికి రాదని. నువ్వు దాన్ని తీసుకెళ్ళి మామ్మకి జడ్జీని చేశావు."

అప్పటికి నవ్వేశాను గానీ రాత మాత్రం మార్చలేదు. ఇంకేం రాయాలో తెలిస్తే కదా!

తాళం మాత్రం సులువుగా దొరికిందనుకున్నాను. మూడూ నాలుగూ ఏడు. చక్కగా మిశ్రచాపు. అక్కడక్కడ వరుస చివర ఒకటో రెండో అక్షరాలు ఎక్కువొచ్చేవి. పెద్దావిడ కదా, ఊపిరి తీసుకుంటోందని, వాటిని తీసేసి ఏడుకి సరిచేశాను. మాట మధ్యలో విరిగినచోట కూడా కలిపేశాను. అలా పద్దెనిమిది పాటలు, రూళ్ళ నోటుబుక్కులో, పైస్థాయికి పైన చుక్క, కింది స్థాయికి కింద చుక్క, అక్షరానికి కామా, రెండక్షరాలకి సెమికోలను, రెండో కాలానికి నెత్తిన గీత. పరీక్ష పేపరులా ముచ్చటగా ఉంది.

అది పట్టుకుని ముఠా దగ్గరికెళ్ళాను. పాడి వినిపించి మెప్పు పొందాలని నా ఆశ. మధ్యాహ్నం అన్నాలు తిని కాలవగట్టు మీద కూచున్నారు. కాగితం చూసి మొదటి పాట పాడాను. అందరూ శ్రద్ధగా విన్నారు. అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి మామ్మ అంది: "బావుందండీ అమ్మాయిగారూ. రేడియోలో వచ్చినట్టుంది. ఏ ఊరి పాటండీ?"

వంతలో ఒకమ్మాయి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాట మాటలు వాళ్ళవే. వరుస గుర్తుపట్టలేదు.

మామ్మకి నా మొహం చూసి జాలేసినట్టుంది. "చేలోకి రండి, అక్కడైతే మీకూ వచ్చేత్తాది" అంది.

మా ఊరు కాలవ శివారు. ధవళేశ్వరంలో నీళ్ళు వదిలాక పై ఊళ్ళన్నీ తడిసి మాకు చేరేసరికి ఊడ్పులు వెనకబడతాయి. అందుకే అప్పటికి కూడా ఇంకా నాట్లు సాగుతున్నాయి. మా చేలో అప్పట్లో వేసేది స్వర్ణ, మార్టేరు పరిశోధనా స్థానంలో పుట్టిన ఎం.టి.యు. 7029. సొంత చేను గట్టు మీద నడవడమే తప్ప మడిలో దిగిన మనిషిని కాను. చీర ఎగదోపుకుని దిగాను. పిక్కల దాకా బురద. ఎడమచేతిలో ఆకు కట్ట పెట్టారు. కుడిచేత్తో మూడు నాలుగు మొక్కలు విడదీసి, వేళ్ళతో బురదలో గుచ్చి, పక్కకి జరుగుతూ, చెయ్యి అందినంత మేర అయ్యాక ఒక అడుగు వెనక్కి వేయాలి. నా వరుస పాము వెళ్ళినట్టు వంకరగా వచ్చింది. పది నిమిషాల్లో నడుం పట్టేసింది. అప్పుడు మామ్మ పాట ఎత్తుకుంది.

రెండో చరణం అయ్యేలోగానే నా నోటుబుక్కు మొత్తం తప్పని తెలిసిపోయింది.

ఏడు లేదు. ఉన్నది గుచ్చడం. ఒక్కో గుచ్చుకి ఒక్కో దెబ్బ. చెయ్యి అందే మేరలో ఎన్ని కుదుళ్ళు పడితే అన్ని దెబ్బలు, ఆ తర్వాత అడుగు. అడుగు వేసేటప్పుడు మామ్మ చివరి స్వరాన్ని పట్టుకుని ఉంచుతుంది. ఎంతసేపు ఉంచుతుందంటే, కాలు బురదలోంచి ఊడి వచ్చేంతసేపు. లోతు తక్కువైన చోట ఒక అక్షరం, దిగబడేచోట మూడు. చేతిలో కట్ట అయిపోతే, వెనకాల విసిరి ఉంచిన కట్ట అందుకునేదాకా ఇంకాస్త. నేను ఊపిరి కోసమనుకుని కొట్టేసిన అక్షరాలు అవే. మా అరుగు ముందు చాప మీద కూచుని పాడినప్పుడు కూడా, కాలు కదపకపోయినా, ఆ అడుగులు పాటలో అలవాటుగా మిగిలాయి. నేను వాటిని సున్నం వేసినట్టు చెరిపేశాను.

మాట విరగడం సంగతీ అక్కడే తెలిసింది. నడుం వంచి ఉన్నప్పుడు పొట్ట నొక్కుకుంటుంది, ఊపిరి సగమే వస్తుంది. అందుకని ముందుపాట మనిషి మాటని సగంలో వదిలేస్తే, వంతవాళ్ళు మిగతా సగం అందుకుంటారు. వాళ్ళు ముగించకముందే ఆవిడ తర్వాతిది ఎత్తుకుంటుంది. ఎనిమిది సగం ఊపిరులతో ఒక నిండు పాట. కూచుని పాడినప్పుడు మామ్మకి ఊపిరి చాలింది కాబట్టి చాలా చోట్ల మాట తనే పూర్తిచేసింది. మా శుభ్రమైన క్యాసెట్లలో పాటకున్న ఆ కీలే లేదు.

ఇంకో వింత, శ్రుతి. చేలో అయిదున్నర దగ్గర ఎత్తుకున్నారు. వరుస గట్టు దగ్గరికి వస్తున్నకొద్దీ పైకి పోయి ఆరున్నర చేరింది. గట్టెక్కి, నీళ్ళు తాగి, మళ్ళీ దిగి అయిదున్నరలోనే మొదలెట్టారు. పని ఊపుతో పాటు పాటా ఎక్కుతోంది. అరుగు దగ్గర కదలని మామ్మ ఇక్కడ ఒక స్వరం మేర ఎగబాకింది.

పరిశోధకుడిగారికి చెబితే ఆయన ఎగిరి గంతేస్తారనుకున్నాను. ముందు మొహం వేలాడేశారు, మూడు రాత్రుళ్ళ క్యాసెట్లు కదా. తర్వాత నవ్వి, చేలోనే మళ్ళీ రికార్డు చేద్దామన్నారు. గాలికి మైకు చుట్టూ నా పాత ఉన్ని మఫ్లరు చుట్టాం. ఆయన ఒక జాగ్రత్త నేర్పారు. ప్రతి క్యాసెట్టు మొదట్లోనూ చివరా పిచ్‌పైపు ఊది వినిపించాలి. క్యాసెట్టు టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. బ్యాటరీలు నీరసిస్తే రికార్డయ్యేటప్పుడు మెల్లిగా నడుస్తుంది. దాన్నే ఇంట్లో సరైన వేగంతో వింటే గొంతు పైకి వినిపిస్తుంది. అంటే ఎక్కింది మామ్మా, తగ్గింది బ్యాటరీనా చెప్పలేం. పిచ్‌పైపు మొదటా చివరా ఒక్కలాగే వినిపిస్తే టేపు నిజం చెబుతున్నట్టు. చేలో మొదటి రోజు పిచ్‌పైపు నా దగ్గరే ఉంది, ఊదడం నేనే మర్చిపోయాను. ఆ క్యాసెట్టులో అన్నిటికన్నా మంచి పాట ఉంది. అది ఎంత శ్రుతిలో పాడారో ఇప్పటికీ ఎవరూ తేల్చలేరు.

రెండో నోటుబుక్కు మొదలెట్టాను. ఈసారి తాళం గీతలు కొట్టడం మానేసి, గుచ్చుకి ఒక చిన్న నిలువు గీత, అడుగుకి సున్నాలో "అ", కట్ట అందుకోవడానికి సున్నాలో "క" వేశాను. రెండు వరుసలు పెట్టి, పైన మామ్మ, కింద వంత. గాంధారం నెత్తిన ఒక బాణం. ఎక్కేటప్పుడు పైకి, దిగేటప్పుడు కిందికి. మేష్టారు చూసి బీరువాలోంచి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" తీసి నా ముందు పెట్టారు. సుబ్బరామ దీక్షితులు అరవై అయిదేళ్ళ వయసులో, 1904లో, తమిళ దేశంలో ఎట్టయపురంలో కూచుని అచ్చు వేయించిన పుస్తకం, ఉన్నది మన తెలుగు లిపిలో. స్వరాల నెత్తిన రకరకాల గుర్తులు. కంపితానికి ఒకటి, నొక్కుకి ఒకటి, ఎక్కే జారుకి వాలుగీత, దిగే జారుకి ఎదురు వాలుగీత. "ఆయనకీ స్వరం చాల్లేదు, అందుకే గుర్తులు కనిపెట్టుకున్నాడు. నువ్వు బురదకి గుర్తు పెట్టావు, అంతే తేడా" అన్నారు. జారు గీతలు అప్పటికప్పుడు దీక్షితులుగారి దగ్గర అరువు తెచ్చుకున్నాను. ఆ పుస్తకం రాయమని ఆయన్ని పట్టుబట్టినవాళ్ళలో చిన్నస్వామి మొదలియారుగారు ముఖ్యులు. ఆయన అంతకు పదేళ్ళ ముందే మన కృతుల్ని పాశ్చాత్యుల అయిదు గీతల పద్ధతిలో రాసి అచ్చు వేయించారు. ఎవరి తిప్పలు వాళ్ళవి.

పరిశోధకుడిగారు వేరే దేశాల సంగతులు చెప్పేవారు. హంగరీలో బార్తోక్ 1906 నుంచి ఫోనోగ్రాఫు మోసుకుని పల్లెలు తిరిగాడట. చివరి రోజుల్లో న్యూయార్కులో, మిల్మన్ పారీ యుగోస్లావియాలో రికార్డు చేసిన పాటల్ని వణుకుతో సహా రాశాడట. అంత వివరంగా రాసినదాన్ని చూసి ఎవరూ పాడలేరు. 1958లో చార్లెస్ సీగర్ అనే అమెరికా ఆయన దీని మీదే ఒక వ్యాసం రాశాడు. రాతలు రెండు రకాలు, ఇలా పాడమని చెప్పేది ఒకటి, ఇలా పాడారని చెప్పేది ఒకటి, రెంటినీ కలిపేయడంతోనే గొడవంతా అని. నాకు ఆ పేర్లకన్నా మామ్మ అడిగిన "ఏ ఊరి పాటండీ" అన్న మాటలోనే ఇదంతా ఎక్కువ అర్థమయింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. రెండో నోటుబుక్కు చూసి నేను కూడా పాడలేను. మొదటిదాంట్లో పాటలు మాత్రం ఇప్పటికీ పిల్లలకి నేర్పుతుంటాను. బాగుంటాయి. ఏ ఊరివో మాత్రం చెప్పను.

మా ఇళ్ళల్లో లేసు అల్లేవాళ్ళని చూస్తుంటే ఈ రాత మీద నాకు అప్పుడప్పుడు విసుగొచ్చేది. నర్సాపురం లేసు అంటే దేశదేశాలు వెళ్తుంది. అల్లే ఆడవాళ్ళకి కాగితం మీద నమూనా అక్కర్లేదు. ఒక ముక్క చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి దానికి జోడీ అల్లేస్తారు. మామ్మ కూతురు పాటలు నేర్చింది కూడా అలాగే. మామ్మ పక్కన వంగి.

1996 నవంబరు 6 తుపానుకి మా ఇంటి పెంకులు లేచిపోయాయి. కోనసీమ పడ్డ కష్టం ముందు మాదొక నష్టమే కాదు. అటక మీది పెట్టె తడిసింది. నేను నా కోసం తీసిపెట్టుకున్న నకలు క్యాసెట్లలో నాలుగింటికి బూజు పట్టింది. అసలువి పరిశోధకుడిగారి దగ్గర క్షేమం. ఆయన సిద్ధాంత గ్రంథంలో నా స్వరాలు అనుబంధంగా వచ్చాయి. "పాడినవారు" అన్నచోట "ఊడ్పు ముఠా, మొగల్తూరు" అని ఉంది. అది నా చేతిరాతే. క్యాసెట్టు అట్టల మీద తేదీ రాశాను, శ్రుతి రాశాను, బ్యాటరీలు ఎప్పుడు మార్చామో రాశాను. ఎనిమిది పేర్లు రాయాలని తోచలేదు.

తర్వాత పెళ్ళి, హైదరాబాదు, పాఠాలు. 2013లో మా అబ్బాయి మిగిలిన నకలు క్యాసెట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించి పెట్టాడు. శబ్దాన్ని బొమ్మగా చూపించే సాఫ్ట్‌వేరు ఒకటుంది. గొంతు తెర మీద తీగలా పాకుతుంది. ముందుగా గాంధారం దగ్గరికే వెళ్ళాను. స్థాయిని 1200 సెంట్లుగా కొలుస్తారు. హార్మోనియం సాధారణ గాంధారం 300 దగ్గర, అంతరం 400 దగ్గర ఉంటాయి. మామ్మది ఎక్కేటప్పుడు 360 పైన, దిగేటప్పుడు 340 కింద. ప్రతిసారీ. పదిహేడేళ్ళ తర్వాత నా బాణాలు సరైనవని తేలితే నిండు సభలో శాలువా కప్పినంత గర్వమనిపించింది.

అంతలో అరుగు దగ్గరి క్యాసెట్టు తెరిచాను. తెర అడుగున, సెకనుకి 100 కంపనాల దగ్గర, ఎక్కడా వంకర లేని ఒక సన్నటి గీత పాట మొదటి నుంచి చివరిదాకా పోతోంది. కాసేపటికి వెలిగింది. ట్యూబులైటు చోక్! మన కరెంటు సెకనుకి 50 చుట్లు, చోక్ దానికి రెట్టింపు, 100 దగ్గర గుయ్యిమంటుంది. ఆ రోజుల్లో కరెంటు 50 దగ్గర నిలిచేది కాదు గానీ, అటూ ఇటూగా అదే. అది అయిదో శ్రుతికి కాస్త ఎగువ, ఆడవాళ్ళ గొంతుకి సరిగ్గా కింది షడ్జం. మామ్మ ఆ మూడు రాత్రుళ్ళూ పాడింది దానికి సరిగ్గా రెట్టింపులో!

అదీ సంగతి అనుకున్నాను. చేలో అయిదున్నరలో ఎత్తుకునే మనిషి అరుగు ముందు అయిదుకి ఎందుకు దిగింది? చేలో ఎగబాకే శ్రుతి అక్కడ ఎందుకు కదల్లేదు? నెత్తిమీద తంబూరా మోగుతోంది మరి. మేం ఫ్యాను ఆపి, రేడియో కట్టేసి, నిశ్శబ్దం చేశామనుకుని, ఒక శ్రుతిపెట్టెని వెలిగించి పెట్టాం. మామ్మ నిలకడని మెచ్చుకుంటూ నేను రాసిన పేజీ పక్కన ఇంకో నాలుగు పేజీలు రాశాను, లెక్కలతో, బొమ్మలతో. ఏదైనా సంగీత పత్రికకి పంపుదామని తిరగరాసి పెట్టుకున్నాను కూడా.

ఆ డిసెంబరులో లాప్‌టాప్ పట్టుకుని ఊరెళ్ళాను. మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. మేం రికార్డు చేసిన చేను చెరువైంది. రొయ్యలు. నీళ్ళమీద ఏరేటర్లు గిరగిరా తిరుగుతున్నాయి, వాటి మోటార్ల హోరులో గట్టు మీద మనిషి మాట మనిషికి వినపడదు. మామ్మ కూతురు చెరువు దగ్గర షెడ్డులో కాపలా పనిలో ఉంది. ముందు గుర్తుపట్టలేదు. "మడిలో దిగిన అమ్మాయిగారండీ" అని నేనే చెబితే, "ఓలమ్మా!" అని నా రెండు చేతులూ పట్టుకుంది.

షెడ్డులో నులకమంచం మీద కూచోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్సు పెట్టాను. ముందు చేలో పాట. కళ్ళు మూసుకుని వింది. కాసేపటికి కుడిచెయ్యి ఒళ్ళో కదలడం మొదలెట్టింది, బొటనవేలూ రెండు వేళ్ళూ కలిపి, విడదీసి గుచ్చినట్టు. ఒకచోట ఆగి, "ఇక్కడ అమ్మ కట్ట అందుకుంటందండీ" అంది. నోటుబుక్కు తీసి చూశాను. అక్కడ సున్నాలో "క" ఉంది.

తర్వాత అరుగు దగ్గరిది పెట్టి, నా చోక్ కథంతా ఉత్సాహంగా చెప్పాను. లైటు గుయ్యిమంటుంటే మీకు తెలీకుండానే దాని శ్రుతిలో పడ్డారని, అందుకే కింద ఎత్తుకున్నారని, అందుకే పైకి పోలేదని. ఆవిడ మర్యాదగా తలూపుతూ వింది. హెడ్‌ఫోన్సు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అది కాదండీ అమ్మాయిగారూ. పాట మొదలెట్టకముందు మీ అమ్మమ్మగారు బయటికొచ్చి చెప్పారు కదండీ. తాతగారు పడుకున్నారు, గొంతెత్తకండర్రా అని. అమ్మ మూడు రాత్రుళ్ళూ బిగబట్టుకునే పాడింది. ఇంటికొచ్చాక గొంతు నొప్పండీ, పాడినట్టే లేదని ఒకటే గొణుక్కుంది."

ఆ మాట టేపులో లేదు. అప్పటికి నేను బటన్ నొక్కి ఉండను.

చోక్ మీద రాసిన నాలుగు పేజీలు ఇప్పటికీ ఆ నోటుబుక్కులోనే ఉన్నాయి, చింపలేదు. మొదటి పేజీ పైన, వరుస అని రాసే చోట, "తాతయ్య పడుకున్నాడు" అని రాసి పెట్టాను.